ఒప్పుకుంటున్నారా? యెస్ ఆర్ నో

మొన్నామధ్య మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు ఒక షెల్ స్క్రిప్టు పట్టుకొచ్చి "అన్నా, ఈ లైనేంటి? కుకీ అని ఉంది. సర్వరులో బ్రౌజరే లేదు కదా!" అనడిగాడు. చూద్దును కదా, పదేళ్ళ పైమాట, నేనే రాసిన స్క్రిప్టు. కమాండు లైను నుంచి జావా జేడీకేని దింపుకుని, విప్పి, ఆప్ట్ డైరెక్టరీలో పెట్టి, పాత్ సరిచేసే పదీ పన్నెండు లైన్లు. అందులో డబ్ల్యూగెట్ కమాండుకి ఒక హెడరు తగిలించి ఉంది. దాని అర్థం తెలుగులో చెప్పాలంటే "ఒరాకిల్ వారి లైసెన్సు నాకు సమ్మతమే" అని.

"ఎవరికి సమ్మతం అన్నా? స్క్రిప్టుకా?" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ, ఆ ప్రశ్న వాడు ఊరికే అడగలేదు. ఏ సర్వరులో ఏ జావా ఉందో, అది ఎప్పుడు ఎక్కించారో, ఏ షరతుల మీద ఎక్కించారో జాబితా తయారు చెయ్యమని మా లీగల్ వాళ్ళు పైనుంచి చెప్పారు. ఆ పని వీడి నెత్తిన పడింది. ఐదు నిమిషాల్లో చెప్పి పంపేద్దామని మొదలెట్టి గంట లాగించాను. అప్పుడు చెప్పినవీ, టైము లేక వదిలేసినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నేను చెప్పదల్చుకున్నది ముందే చెప్పేస్తాను. జేడీకేని చేత్తో ఎక్కించడం అనే తతంగం ఉందే, ఫైలుకి అనుమతులు మార్చడం, యెస్ అని కొట్టడం, డైరెక్టరీ జరపడం, పాత్, జావా హోమ్... ఇందులో సాంకేతికంగా అవసరమైనది చాలా తక్కువ. మిగతాదంతా వకీళ్ళు రాసిన కాగితం మన టెర్మినల్లోకి దిగి ఇలా కమాండ్ల రూపం ఎత్తిందంతే.

ఎందుకంటే చూడండి. అదే రోజుల్లో సీ కంపైలరు కావాలంటే లినక్సు సీడీలోనే ఉండేది. పెర్లు ఉండేది, పైథాను ఉండేది. ఎవరూ ఏమీ ఒప్పుకోనక్కర్లేదు. జావా మాత్రం సీడీలో ఉండదు, లేదా ఉన్నా అది "అసలు" జావా కాదు. దాన్ని సన్ వాళ్ళ సైటుకెళ్ళి విడిగా తెచ్చుకోవాల్సిందే. డబ్బులు అడిగేవాళ్ళా అంటే, లేదు. ఉచితమే. ఉచితమైన వస్తువుని పక్కవాడికి ఇవ్వకూడదు అనే షరతు ఒక్కటే మొత్తం చిక్కంతా తెచ్చింది.

సన్ మైక్రోసిస్టమ్స్ జావాని 1995 మే 23న లోకానికి చూపించింది. జేడీకే 1.0 వచ్చింది 1996 జనవరిలో. సన్ వాళ్ళు తమ సొలారిస్‌కీ, మైక్రోసాఫ్టు విండోసుకీ తయారుగా ఇచ్చారు. లినక్సు ఊసు లేదు. దాంతో బ్లాక్‌డౌన్ అనే పేరుతో కొందరు ఔత్సాహికులు, జీతం భత్యం లేకుండా, సన్ దగ్గర లైసెన్సు మీద సోర్సు తీసుకుని లినక్సుకి మార్చి ఇచ్చేవారు. ఆ సోర్సుని వాళ్ళు బయటపెట్టకూడదు. తయారైన బైనరీ కూడా సన్ పెట్టిన పరీక్షలు నెగ్గాకే విడుదల చెయ్యాలి. పగలు ఉద్యోగం, రాత్రి ఈ పని. ఇలా ఏళ్ళ తరబడి చేశారు. 1999 డిసెంబరులో సన్, ఇన్‌ప్రైజ్ (మన పాత బోర్లాండే) కలిసి లినక్సుకి జావా 2 తెస్తున్నామని ఘనంగా ప్రకటించాయి. ఆ ప్రకటనలో బ్లాక్‌డౌన్ పేరు ఎక్కడా లేదు. అదేమిటని అందరూ దుమ్మెత్తిపోశాక సన్ క్షమాపణ చెప్పుకుంది. పెళ్ళి వంటంతా చేసినవాడిని బంతిలో కూర్చోబెట్టడం మర్చిపోయినట్టుంది ఆ వ్యవహారం.

సన్ వాళ్ళ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. వాళ్ళ భయం ఉత్తుత్తి భయం కాదు. "ఒకసారి రాయండి, ఎక్కడైనా నడపండి" అన్నది జావా బతుకుతెరువు. మైక్రోసాఫ్టు లైసెన్సు తీసుకుని, ఆర్ఎంఐ లాంటి భాగాలు పక్కన పెట్టి, తన విండోసుకే పనికొచ్చే చేర్పులు చేర్చి, జావా పేరుతోనే వదిలింది. 1997 అక్టోబరులో సన్ కోర్టుకెక్కింది. 2001 జనవరిలో మైక్రోసాఫ్టు రెండు కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడింది. ఒకసారి అలా చేతులు కాలాక, ఎవరు పడితే వాళ్ళు మార్చి పంచుకోండి అనడానికి ఏ కంపెనీకైనా మనసొప్పదు. కానీ మైక్రోసాఫ్టుకి వేసిన తాళం, సీడీ కాపీ చేసి పక్కింటి కుర్రాడికిద్దామనుకున్న మనబోటి వాళ్ళకీ పడింది.

ఇహ అమీర్‌పేట రోజులు. 1999-2001 మధ్య అక్కడ జావా నేర్చుకున్నవాళ్ళకి మొదటి పాఠం ఆబ్జెక్టు ఓరియెంటెడూ కాదు, క్లాసూ కాదు. విండోసు 98లో ఆటోఎగ్జెక్ డాట్ బ్యాట్ ఫైలు తెరిచి, పాత్‌కి జేడీకే బిన్ డైరెక్టరీ కలపడం. అది తప్పితే జావాసీ అని కొట్టగానే "బ్యాడ్ కమాండ్ ఆర్ ఫైల్ నేమ్" అని వచ్చేది. తర్వాత క్లాస్‌పాత్. దాంట్లో ఒక చుక్క పెట్టాలి. ఆ చుక్క ఎందుకో మాకు చెప్పినాయనకీ తెలీదని ఇప్పుడు నా గట్టి అనుమానం :) చుక్క అంటే ఈ డైరెక్టరీయే అని అర్థం. అది లేకపోతే మనం ఇప్పుడే కంపైలు చేసిన క్లాసు మన కళ్ళెదుటే ఉన్నా జావాకి కనపడదు, "నో క్లాస్ డెఫ్ ఫౌండ్ ఎర్రర్" అంటుంది. అసలు తమాషా ఏంటంటే, క్లాస్‌పాత్‌ని ఎవరూ ముట్టుకోకపోతే జావా తనంతట తానే ఈ డైరెక్టరీలో వెతుకుతుంది. మనం దాన్ని సెట్ చేసి, చుక్క మర్చిపోయి, మళ్ళీ చుక్క పెట్టుకుంటున్నామన్నమాట. మా జిరాక్సు నోట్సులో క్లాసెస్ డాట్ జిప్ అనే ఫైలుని కూడా అందులో చేర్చమని రాసి ఉండేది. అది జేడీకే 1.1 నాటి ముచ్చట. 1998 డిసెంబరులో వచ్చిన 1.2లోనే ఆ ఫైలు పోయింది. నోట్సులో మాత్రం 1.3 వచ్చినా, 1.4 వచ్చినా అలాగే ఉంది. లేని ఫైలుకి దారి చూపించుకుంటూ రెండు మూడు బ్యాచులు పాసైపోయాయి.

సరే, లినక్సుకొద్దాం. నేను లినక్సు మీద మొదటిసారి జేడీకే ఎక్కించింది 1.4 రోజుల్లో. ముప్ఫై నలభై మెగాబైట్ల ఫైలు. డయలప్ మీద అయితే మూడు గంటలు, మధ్యలో ఇంటికి ఫోను రాకుండా ఉంటే. అంచేత ఇంటర్నెట్ సెంటరులో దింపుకుని సీడీ రాయించుకోవడమే. దాని పేరు చివర డాట్ బిన్ అని ఉండేది. ఈ డాట్ బిన్ గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే ఇప్పటి పిల్లలు దాన్ని చూడలేదు.

అది పైకి ఒక ప్రోగ్రాము లాగా ఉంటుంది గానీ నిజానికి రెండు ముక్కలు అతికించిన ఫైలు. ముందు భాగం కొన్ని వందల లైన్ల మామూలు షెల్ స్క్రిప్టు. దాని వెనక, తనంతట తను విచ్చుకునే జిప్ మూట. ఫైలుకి నడిచే అనుమతి ఇచ్చి నడిపితే, స్క్రిప్టు మొదట చేసే పని లైసెన్సు మొత్తాన్ని మోర్ కమాండు ద్వారా తెర మీద పారించడం. స్పేసు బారు నొక్కుతూ పోవాలి. అణు కేంద్రాల రూపకల్పనకో, నిర్వహణకో ఈ సాఫ్టువేరుని ఉద్దేశించలేదు అనే వాక్యం కూడా ఉండేది అందులో. కూకట్‌పల్లి రూములో నలుగురం ఒక కంప్యూటరు పెట్టుకుని హలో వరల్డ్ రాసుకునేవాళ్ళం, మాకు అణు కేంద్రంతో ఏం పని? నొక్కుకుంటూ పోయేవాళ్ళం. చివర్న అడుగుతుంది, పై షరతులకు ఒప్పుకుంటున్నారా, యెస్ ఆర్ నో అని. యెస్ అంటే, స్క్రిప్టు తన ఫైలునే తెరిచి, ఫలానా లైను నుంచి కింద ఉన్నదంతా టెయిల్ కమాండుతో కోసి, చెక్‌సమ్ సరిచూసి, మూట విప్పేది.

ఇప్పుడు ఆలోచించండి. లోపల ఉన్నది కేవలం ఒక డైరెక్టరీ. దాన్ని టార్ చేసి ఇస్తే ఎవరైనా విప్పుకుంటారు. స్క్రిప్టు చేసే నిజమైన పనల్లా ఆ ప్రశ్న అడగడం ఒక్కటే. ఇంకా వింత ఏంటంటే రెడ్‌హ్యాట్ వాళ్ళ కోసం ఆర్పీఎం కూడా ఇచ్చేవారు, కానీ దాన్ని కూడా డాట్ బిన్‌లోనే చుట్టి ఇచ్చేవారు. యెస్ అన్నాకే లోపల్నుంచి ఆర్పీఎం బయటికి వస్తుంది, అప్పుడు దాన్ని మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఆర్పీఎం అనేది మనుషుల్ని ప్రశ్నలు అడగకుండా పని కానిచ్చే పద్ధతి కాబట్టి, ప్రశ్నని బయట గుమ్మం దగ్గర నిలబెట్టారు.

ఈ అతుకుల బొంతకి ఫలితం అనుభవించిన రోజు కూడా వచ్చింది. గ్నూ వాళ్ళు కోర్ యుటిలిటీసులో కొత్త పోసిక్స్ ప్రమాణం ప్రకారం టెయిల్ కమాండు పాత రాతపద్ధతిని ఎత్తేశారు. సన్ వారి డాట్ బిన్ ఆ పాత పద్ధతినే వాడేది. కొత్త లినక్సు మీద నడిపితే, లైసెన్సంతా చదివించి, యెస్ అనిపించుకుని, అప్పుడు "ప్లస్ నాలుగు వందల చిల్లర అనే పేరుతో ఫైలేదీ లేదే" అని చతికిలపడేది. పరిష్కారం ఏంటంటే పోసిక్స్ ప్రమాణం ఇంకా 1992లోనే ఉందని కంప్యూటరుని నమ్మించే ఒక ఎన్విరాన్‌మెంటు వేరియబులు పెట్టడం. ఆ లైను చేతిరాతతో నా డైరీలో చాలా ఏళ్ళు ఉంది. ఎందుకు పనిచేస్తుందో అప్పట్లో తెలీదు. మంత్రం లాగా కొట్టేవాళ్ళం.

విప్పుకున్నాక డైరెక్టరీని ఎక్కడ పెట్టాలన్నది మరో గొడవ. సన్ ఆర్పీఎం యూఎస్ఆర్ జావాలో పెడుతుంది, కొందరు యూఎస్ఆర్ లోకల్ అంటారు, సొలారిస్ నుంచి వచ్చిన పెద్దలు ఆప్ట్ అంటారు. ఎక్కడ పెట్టినా పర్లేదు. అక్కడితో అయిపోతే బాగుండేది. పాత్ కలిపి, ధైర్యంగా జావా వెర్షను అడిగితే జీఐజే అనే పేరు వచ్చేది. ఇదెవడు మధ్యలో?

ఇక్కడే కథలో రెండో పాయ ఉంది, నా దృష్టిలో ఎక్కువ గౌరవం దక్కాల్సిన పాయ. సన్ జావాని పంచుకోనివ్వదు కాబట్టి, స్వేచ్ఛా సాఫ్టువేరు వాళ్ళు మొదట్నుంచీ మొత్తం రాసుకోవడం మొదలెట్టారు. కాఫే అనే వర్చువల్ మెషీను, గ్నూ క్లాస్‌పాత్ అనే లైబ్రరీ, జీసీసీలో భాగంగా జీసీజే అనే కంపైలరు. జీఐజే ఆ జీసీజే తాలూకు ఇంటర్‌ప్రెటరే. రిచర్డ్ స్టాల్మన్ 2004లో జావా ఉచ్చు గురించి వ్యాసం రాశాడు. మీ ప్రోగ్రాము స్వేచ్ఛా సాఫ్టువేరే అయినా అది నడవడానికి స్వేచ్ఛ లేని జావా కావాల్సివస్తే మీరు ఉచ్చులో ఉన్నట్టే అని దాని సారాంశం. అప్పట్లో చదివి, ఈయనకి ఎప్పుడూ ఇదే గోల అనుకున్నాను. రెడ్‌హ్యాట్ వాళ్ళు పట్టుబట్టి 2005లో ఫెడోరా కోర్ 4లో ఎక్లిప్సుని జీసీజేతో కంపైలు చేసి ఇచ్చారు. నడిచేది. కానీ స్వింగుతో రాసిన ఏదో ఒక పెద్ద అప్లికేషను తెరిస్తే ఎక్కడో ఒకచోట విరిగేది. అప్పుడు మనం చేసేది, ఆ పాపం జీసీజే మీదికి నెట్టి, దాన్ని పీకేసి, సన్ జేడీకే ఎక్కించుకోవడం.

జావా అనే ఒకే పేరు కోసం ఇద్దరు కొట్టుకుంటే తీర్పు చెప్పడానికి డెబియన్ వాళ్ళ ఆల్టర్నేటివ్స్ పద్ధతి అక్కరకొచ్చింది. యూఎస్ఆర్ బిన్‌లో ఉన్న జావా నిజమైన ఫైలు కాదు, ఒక లింకు. అది ఈటీసీ ఆల్టర్నేటివ్స్‌లో ఉన్న ఇంకో లింకుని చూపిస్తుంది, అది అసలు జేడీకేని చూపిస్తుంది. చేత్తో ఎక్కించిన జేడీకేకి జావా, జావాసీ, జార్ ఇలా ఒక్కోదానికీ ఒక్కో కమాండుతో నమోదు చేసుకుంటూ పోవాలి. జావా మార్చి జావాసీ మార్చడం మర్చిపోతే, ఒకడు కంపైలు చేస్తాడు, ఇంకొకడు నడుపుతాడు, మధ్యలో మనం తల గోక్కుంటాం. వెర్షను పేర్లు సరేసరి. బయట జావా 5 అంటారు, లోపల డైరెక్టరీ పేరు 1.5.0. ఇంటర్వ్యూల్లో జావా 2 వెర్షను 1.4 అని ఎందుకంటారో చెప్పమని అడిగేవాళ్ళు. మార్కెటింగు వాళ్ళని అడగాల్సిన ప్రశ్న అది.

2006 మేలో సన్ కొంచెం దిగొచ్చింది. లినక్సు పంపిణీదారుల కోసం డీఎల్‌జే అని ప్రత్యేక లైసెన్సు తెచ్చింది. డెబియన్ నాన్‌ఫ్రీ విభాగంలో, ఉబుంటు మల్టీవర్సులో సన్ జావా ప్యాకేజీలు చేరాయి. హమ్మయ్య, ఒక్క కమాండుతో అయిపోతుంది అనుకున్నాం. అయిపోయేది, కానీ మధ్యలో టెర్మినల్లో ఒక పెట్టె తెరుచుకుని లైసెన్సు చూపించేది. కింద ఓకే అని ఉంటుంది. ఎంటరు కొడితే కదలదు, మౌసు పనిచెయ్యదు. ట్యాబు నొక్కితే ఓకే మీదికి వెళ్తుంది, అప్పుడు ఎంటరు. ఈ ట్యాబు సంగతి తెలీక టెర్మినలు మూసేసి, సగం ఎక్కిన ప్యాకేజీతో నా దగ్గరికి వచ్చినవాళ్ళెందరో. పద్ధతి మారింది గానీ ప్రశ్న మారలేదు. ఆ లైసెన్సులో సన్‌కి నష్టం వస్తే పంపిణీదారు భరించాలనే షరతు మీద డెబియన్ వాళ్ళలో పెద్ద రగడే జరిగింది.

అదే ఏడాది నవంబరు 13న అసలు వార్త. జావాని జీపీఎల్ కింద విడుదల చేస్తున్నామని సన్ ప్రకటించింది. మొదట వర్చువల్ మెషీను, కంపైలరు వచ్చాయి. 2007 మే నెలలో క్లాసు లైబ్రరీలు వచ్చాయి. ఓ నాలుగు శాతం దాకా మాత్రం ఇవ్వలేకపోయారు, ఎందుకంటే అది సన్ సొంతం కాదు. అక్షరాల ఆకారాలు గీసే భాగం, బొమ్మలు గీసే భాగం, శబ్దం తాలూకు కొంత, ఇవన్నీ వేరేవాళ్ళ దగ్గర లైసెన్సు మీద తీసుకున్నవి. అంటే తాళం వేసినాయనకే ఇంకొకరి తాళం పడి ఉంది. రెడ్‌హ్యాట్ వాళ్ళు 2007 జూన్‌లో ఐస్‌డ్‌టీ అనే ప్రాజెక్టు పెట్టి ఆ ఖాళీల్ని పూడ్చారు. పూడ్చింది దేంతో? చాలావరకు ఆ గ్నూ క్లాస్‌పాత్ ముక్కలతోనే. మనం పీకేసి పారేసిన జీసీజే వాళ్ళ కష్టం అలా అక్కరకొచ్చింది. 2008 జూన్‌లో ఫెడోరా 9లోని ఓపెన్‌జేడీకే జావా అధికారిక పరీక్షలన్నీ నెగ్గింది. బ్లాక్‌డౌన్ వాళ్ళు 2007 ఆగస్టులోనే ఇక మా అవసరం లేదని దుకాణం కట్టేశారు. జీసీజేని 2017లో జీసీసీ 7 నుంచి తీసేశారు. ఇద్దరికీ చప్పట్లు కొట్టినవాళ్ళని నేను చూడలేదు.

మరి 2008లోనే అడ్డు తొలగిపోతే, నా స్క్రిప్టులో ఆ కుకీ ఎందుకుంది? అదే కుర్రాడూ అడిగాడు. అక్కడ కొంచెం తడబడ్డాను.

2010 జనవరిలో సన్ ఒరాకిల్ చేతికి వెళ్ళింది. 2011 జులైలో జావా 7 వచ్చింది. ఆగస్టులో, ఓపెన్‌జేడీకే ఉంది కదా ఇంకెందుకని డీఎల్‌జేని ఎత్తేశారు. దాంతో లినక్సు వాళ్ళు కొత్త సన్ జావా ప్యాకేజీలు ఇవ్వలేరు, పాతవాటిలో భద్రతా లోపాలున్నా కొత్తవి పెట్టే హక్కు లేదు. ఆ డిసెంబరులో ఉబుంటు వాళ్ళు ఆ ప్యాకేజీల్ని తీసేస్తున్నట్టు ప్రకటించారు. తెలివైన పని అక్కడితో ఓపెన్‌జేడీకేకి మారిపోవడం. మేము చేసిన పని, ఒరాకిల్ సైటు నుంచి టార్ ఫైలు తెచ్చుకుని మళ్ళీ చేత్తో ఎక్కించడం మొదలెట్టడం. ఎందుకూ అంటే, మేము కొన్న అప్లికేషను సర్వరు డాక్యుమెంట్లలో ఒరాకిల్ జేడీకేనే వాడండి అని ఉంది. ఓపెన్‌జేడీకే "సరిగ్గా పనిచెయ్యదట" అని ఎవరో ఎవరితోనో అన్నారు. ఆ మాట జీసీజే రోజులది, పేరు మాత్రం మారింది. ఎవరమూ పరీక్షించి చూడలేదు. నేనూ చూడలేదు.

జావా 7తో డాట్ బిన్ పోయి మామూలు టార్ వచ్చిందన్నాను కదా, మరి యెస్ ఎక్కడికి పోయింది? సైటు మీదికి పోయింది. "ఒప్పుకుంటున్నాను" అనే గుండ్రం మీద నొక్కితేనే దిగుతుంది. నొక్కితే బ్రౌజరులో ఒక కుకీ పడుతుంది. సర్వరులో బ్రౌజరు ఉండదు కాబట్టి ఆ కుకీని చేత్తో రాసి డబ్ల్యూగెట్‌కి ఇచ్చేస్తే, సైటు మనం నొక్కామనే అనుకుంటుంది. ఇది నెట్లో ఎవరో కనిపెట్టారు, లోకమంతా కాపీ కొట్టింది. నేనూ కొట్టాను. అదీ ఆ లైను పుట్టుక. డాట్ బిన్ రోజుల్లో యూనిక్సులో ఉండే యెస్ అనే కమాండుని పైపులో పెట్టి జవాబిప్పించిన తెలివే, ఇంకో రూపంలో. ఒకటే తేడా. అప్పట్లో కనీసం ఆ కాగితం కళ్ళముందు నుంచి పారేది. ఇప్పుడు వంద సర్వర్లు వంద సార్లు ఒప్పుకున్నాయి, ఒక్క మనిషీ ఒక్క అక్షరం చదవలేదు.

చదవకపోతే ఏమైంది అంటారా. 2018 సెప్టెంబరులో జావా 11తో ఒరాకిల్ జేడీకే వ్యాపార వాడకానికి చందా అన్నారు. పక్కనే అదే కోడు జీపీఎల్ కింద ఓపెన్‌జేడీకేగా ఉచితం. జావా 8కి 2019 జనవరిలో వచ్చిన అప్‌డేట్ 202 దాకా పాత లైసెన్సు. ఏప్రిల్ 16న వచ్చిన 211 నుంచి కొత్త లైసెన్సు. సొంతానికో, డెవలప్‌మెంటుకో అయితే పర్లేదు, ప్రొడక్షనులో నడిపితే చందా కట్టాలి. దింపుకోవాలంటే లాగిన్ కూడా కావాలి, కుకీ ఎత్తులు పారవు. డైరెక్టరీ పేరులో చివరి మూడంకెలే తేడా. మొదట్లో చందా ప్రాసెసర్ల లెక్కన ఉండేది. 2023 జనవరి నుంచి ఉద్యోగుల లెక్కకి మార్చారు. వెయ్యిమంది లోపు కంపెనీకి అయితే మనిషికి నెలకి పదిహేను డాలర్లు. జావా వాడేవాళ్ళ లెక్క కాదు, మొత్తం ఉద్యోగుల లెక్క. పార్ట్‌టైము వాళ్ళు, కాంట్రాక్టు వాళ్ళు కూడా. మూడొందల మందున్న కంపెనీలో రెండు సర్వర్లలో ఒరాకిల్ జావా ఉంటే, అట్ట ధర ప్రకారం నెలకి నాలుగువేల ఐదొందల డాలర్లు, ఏడాదికి యాభై నాలుగువేలు. జావా అంటే కాఫీ పేరనుకునే అకౌంట్సు సెక్షను వాళ్ళు కూడా అందులో తలలే. మా లీగల్ వాళ్ళు జాబితా ఎందుకడిగారో ఇప్పుడు తెలిసిందిగా.

జావా 17తో 2021లో మళ్ళీ ఉచితం అన్నారు, కానీ దానికీ గడువుంది. 2024 సెప్టెంబరు దాటాక 17కి వచ్చే కొత్త అప్‌డేట్లు మళ్ళీ చందా లైసెన్సు కిందికే వెళ్ళాయి. దీన్ని గుర్తుపెట్టుకుని సర్వర్లు నడిపే ఓపిక నాకు లేదు. ఎక్లిప్స్ వాళ్ళ టెమురిన్ ఉంది, అమెజాన్ కొరెట్టో ఉంది, లినక్సులోనే ఓపెన్‌జేడీకే ఉంది. అన్నిటికీ మూలం ఆ సోర్సే. టార్ దింపు, ఆప్ట్‌లో విప్పు, జావా హోమ్ పెట్టు, పాత్ కలుపు. చేత్తో ఎక్కించినా మూడు నిమిషాలు పట్టదు. ఏమీ అడగదు. జేడీకే ఎక్కించడానికి సాంకేతికంగా కావాల్సింది మొదట్నుంచీ ఇంతేనన్నమాట.

కుర్రాడు జాబితా పూర్తి చేశాడు. చేత్తో ఎక్కించిన ఒరాకిల్ జేడీకే పదకొండు సర్వర్లలో దొరికింది. తొమ్మిదింటిలో 202, అంతకంటే పాతవి. రెండు ప్రొడక్షను సర్వర్లలో మాత్రం 2019 తర్వాతవి. నా స్క్రిప్టుతో అవి దిగే అవకాశమే లేదు. ఎవరో తన అకౌంటుతో లాగిన్ అయి, యెస్ నొక్కి, ల్యాప్‌టాపులోకి దింపి, అక్కణ్ణుంచి ఎస్‌సీపీ చేశారు. వాళ్ళెవరో తెలీదు. అప్పట్లో పనిచేసినవాళ్ళలో సగంమంది ఇప్పుడు మా దగ్గర లేరు.

ఎక్సెల్ షీటులో "లైసెన్సుకి ఒప్పుకున్నది ఎవరు" అని ఒక కాలమ్ ఉంది. వాడు సర్వరులో ఆ డైరెక్టరీ యజమాని పేరు చూసి, పదకొండు వరసల్లోనూ రూట్ అని రాసి పంపించాడు. ఆ రెండు సర్వర్లలో శనివారం రాత్రి టెమురిన్ ఎక్కించి, జావా హోమ్ మార్చి, పాత డైరెక్టరీలు తీసేశాం. సోమవారం ఎవరికీ ఏ తేడా తెలీలేదు.